రోకలి నిలబడినంతసేపు

మంగళవారం సాయంత్రం చంద్రగ్రహణమన్న సంగతి గురమ్మకు చేపల లారీ డ్రైవరు చెప్పాడు. ఆ రోజు కళింగపట్నం రేవుకు బండి తీసుకురానని, తెచ్చినా సరుకు ఎత్తే మనిషి దొరకడని ముందుగానే చెప్పి వెళ్లిపోయాడు. గురమ్మ ఇంటికొచ్చి, నెత్తిమీది గంప దించకుండానే కూతురి కడుపు వంక చూసింది.

హేమకు ఏడో నెల. తొలి కాన్పుకని భావనపాడులోని అత్తవారింటి నుంచి ఈమధ్యే పుట్టింటికి వచ్చింది.

కదలకుండా పడుకోవాలని చెప్పింది గురమ్మ. కిటికీకి దుప్పటి కడతానంది. ఒళ్లు గోక్కోకూడదు, కాలు ముడవకూడదు, గోరైనా కొరకకూడదు. హేమ అన్నిటికీ తలూపింది. ఊపుతుండగానే ఆమె కళ్లు తల్లిని వదిలి పెరట్లోకి పోయాయి. అక్కడ వదిన కుమారి కత్తిపీట కడుగుతోంది. అత్తగారి మాటలు వినబడనంత దూరం కాదు. అయినా కుమారి తల ఎత్తలేదు, కత్తి అంచు మీద నీళ్లు పోస్తూనే ఉంది. ఆ తల ఎత్తకపోవడమే హేమకు తిట్టినట్టు తోచింది.

తోచదా మరి? మూడేళ్లు దాటింది. ఇలాంటి గ్రహణం నాడే, ఇదే ఇంట్లో, కడుపుతో ఉన్న ఆ మనిషిని పడుకోనివ్వకుండా లేపింది హేమే.

హేమ చదువు తొమ్మిదితో ఆగిపోయింది. తండ్రి అప్పలసూరి కాలికి బోటు మీద దెబ్బ తగిలి మంచాన పడ్డ ఏడు, తల్లికి చేపలు ఎండబెట్టే పనిలో సాయం కావలసి వచ్చింది. బడి నుంచి ఆమె వెంట తెచ్చుకున్నది పెద్దగా ఏమీ లేదు గాని, ఒక మధ్యాహ్నం మాత్రం ఆమెతోనే ఉండిపోయింది. ఆ మధ్యాహ్నం నరసింగరావు మాస్టారు తరగతినంతా మైదానంలోకి తోలి సూర్యకుటుంబం ఆడించారు. మధ్యలో ఒక కుర్చీ మీద ఇత్తడి బిందె పెట్టి అదే సూర్యుడన్నారు. ఎనిమిది గ్రహాలకు ఎనిమిదిమంది. పృథ్వీరాజ్ అనే కుర్రాణ్ణి, పేరులోనే పృథ్వి ఉంది కదా అని, భూమిని చేశారు. అందరికన్నా దూరంగా ఉండే నెప్ట్యూన్‌ని చేసినందుకు లక్ష్ముడు సరుగుడు తోట అవతలకి పోవలసి వచ్చింది. అక్కడికి బడిగంట వినబడదు. వాడు అటునుంచి అటే సముద్రానికి పోయాడు, మరునాడు గాని బడికి రాలేదు. నెప్ట్యూన్ సూర్యుణ్ణి ఒకసారి చుట్టి రావడానికి నూట అరవై ఏళ్లు పైనే పడుతుంది, ఆ లెక్కన వీడు తొందరగానే వచ్చాడు అని మాస్టారు నవ్వారు.

చందమామ కావడానికి ఎవరూ ఒప్పుకోలేదు. చందమామ గ్రహం కాదు, గ్రహం వెంట తిరిగేది. పైగా దానికి సొంత వెలుగు లేదు, సూర్యుడి వెలుగు పడితేనే మెరుస్తుంది. నోరు లేని పిల్ల అని ఆ పని హేమ మీద పడేశారు. పృథ్వీరాజ్ చుట్టూ తిరగాలి, తిరుగుతున్నంతసేపూ ముఖం అతని వైపే ఉండాలి. చందమామ మనకు ఎప్పుడూ ఒక్క ముఖమే చూపిస్తుందట, దాని వీపు ఇక్కణ్ణుంచి ఎవరికీ కనబడదట. మగపిల్లాడి ముఖంలోకి చూస్తూ అడ్డంగా అడుగులేయడానికి హేమ సిగ్గుతో చచ్చిపోయింది. కాని తిరుగుతూ తిరుగుతూ పృథ్వీరాజ్ వెనక్కి వచ్చేసరికి ఇత్తడి బిందె కనబడకుండా పోయింది. బిందె వైపే వాలిన పొద్దుకి అతని పొడుగాటి నీడ వచ్చి ఆమె ముఖం మీద పడింది. "అదే చంద్రగ్రహణం," అన్నారు మాస్టారు. మరి ప్రతి పున్నమికీ ఎందుకు పట్టదని ఎవరో అడిగితే, చందమామ తిరిగే దారి కాస్త ఏటవాలుగా ఉంటుందని, ఎక్కువసార్లు మన నీడకి పైనుంచో కిందనుంచో జారిపోతుందని చెప్పారు.

ఆ వారమే హేమ ఇంకో సంగతి కూడా కనిపెట్టింది. గ్రహణం పట్టినప్పుడు పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెడితే అది పడకుండా నిలుస్తుందనీ, గ్రహణం విడిచాక పడిపోతుందనీ వాళ్ల పేటలో నమ్మకం. హేమ ఒక మామూలు గురువారం నాడు పళ్లెం పెట్టి, నీళ్లు పోసి, రోకలి నిలబెట్టింది. కింద ఇనుప పొన్ను చదునుగా ఉంది కాబట్టి అది చక్కగా నిలబడింది. చూడమని తల్లిని పిలిచింది. గురమ్మ చూసి, "ఎక్కడో గ్రహణం పట్టుంటాదిలే," అని తన పనికి పోయింది.

ఇంత తెలిసీ హేమ ఆ తర్వాత ఈ సంగతులు ఎవరితోనూ మాట్లాడలేదు. మాట్లాడిన ఒక్కసారీ కుమారితోనే.

ఆ గ్రహణం రోజు కార్తీక పున్నమి. కుమారికి ఆరో నెల. మధ్యాహ్నం దాటాక బోటు నిండా కానాగంత చేపలతో వచ్చాడు హేమ అన్న వెంకీ. గ్రహణమని కొనేవాళ్లు రాలేదు, ఐసూ రాలేదు. కోసి ఉప్పులో వెయ్యకపోతే తెల్లారేసరికి కుళ్లిపోతాయి. గురమ్మ కోడల్ని గదిలో పడుకోబెట్టి, అన్నం కుండ మీద గరిక వేసి, పట్టు స్నానానికని పేట ఆడవాళ్లతో వంశధార సముద్రంలో కలిసే మొగ దగ్గరికి పోయింది. పెళ్లి కాని పిల్లవి, నీకేమీ కాదు, చేతనైనన్ని కొయ్యమని హేమకు చెప్పింది.

చేపల కుప్ప హేమ మోకాళ్ల ఎత్తు ఉంది. కొంతసేపు కోసింది. వేళ్లు మండాయి. చీకటి పడుతోంది. అప్పుడు గది గుమ్మం దగ్గరికి పోయి, పడుకుని ఉన్న వదినతో అంది: "వొదినా, అది ఒట్టి నీడే. మన భూమి నీడ ఎల్లి సందమామ మీద పడతాది. అంత దూరంలో నీడ పడితే నీకేటవుతాది?"

"నిజంగానేటి?" అంది కుమారి.

"మా సారు సెప్పినాడు. లెగు."

కుమారి లేచింది. ఇద్దరూ చెరో కత్తిపీట ముందు కూర్చున్నారు. సముద్రంలోంచి చందమామ పైకి వచ్చింది. ఒక్క అంచు తప్ప మిగతా అంతా నానిన బెల్లంలా ఎర్రగా, మసగ్గా ఉంది. అలా ఎందుకుంటుందో హేమ చెప్పింది. భూమి చుట్టూ ఉన్న గాలిలోంచి వంగి వెళ్లే సూర్యుడి వెలుగులో ఎరుపే ఎక్కువ మిగులుతుందట, అదే నీడలోకి చేరి చందమామకు ఆ రంగు పూస్తుందట. కుమారి కత్తి ఆపి మరీ విన్నది. అంతవరకూ హేమ మాట అంతసేపు విన్న మనిషి లేదు. కుప్ప తరిగిపోయింది. స్నానం నుంచి తిరిగొచ్చిన గురమ్మకు కుమారి మంచం మీదే కనబడింది.

మాఘం చివర శ్రీకాకుళం ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. పై పెదవి ముక్కు దాకా చీలి ఉంది. గుడ్డ తొలగించి చూపించిన ఆయా మెల్లగా, "గ్రహణం మొర్రమ్మా, ఆపరేషన్ సేస్తే బాగైపోద్ది," అంది.

గ్రహణం మొర్రి. ఆ మాట హేమ చిన్నప్పటి నుంచీ వింటూనే ఉంది గాని, అందులో గ్రహణం ఉందని ఆ రోజు దాకా చెవిన పెట్టలేదు. ఆయా కూడా అదే మాటంది. తర్వాత వచ్చిన డాక్టరూ తెలుగులో చెప్పవలసి వచ్చినప్పుడు అదే మాటన్నాడు. ఇంటికొచ్చాక హేమ ఫోన్లో వెతికింది. తెలుగులో ఎక్కడ చూసినా మొదటి మాట గ్రహణమే. ఆ మాట దాటి కిందికి చదవడానికి ఆమెకు గుండె చాలలేదు. ఫోన్ బోర్లా పెట్టేసింది.

గురమ్మ కోడల్ని నిలదీసింది. ఆ దినం కత్తి ముట్టావా లేదా అని అడిగింది. కుమారి ముట్టానంది. పడుకోమంటే ఎందుకు లేచావంటే, నాకే లెగాలనిపించింది అంది. తలుపు వెనక నిలబడి హేమ అంతా విన్నది. నేనే లేపానని చెప్పడానికి నోరు తెరిచింది గాని గొంతు రాలేదు. ఆ వేళ రాలేదు, మర్నాడూ రాలేదు. ఆ తర్వాత రోజురోజుకూ చెప్పడం ఇంకా కష్టమైపోయింది. గురమ్మ ఎంతకాలం తిట్టిందో అంతకాలం కుమారి పడింది. గ్రహపాటని కొన్నాళ్లు, ఒళ్లు పొగరని కొన్నాళ్లు తిట్టింది.

పిల్లకు అనూరాధ అని నక్షత్రం పేరే పెట్టారు. విశాఖలో ఆపరేషనైంది. కుట్లు మానాక ముక్కు కింద దారం ముక్క అంటుకున్నట్టు సన్నని గీత మిగిలింది. హేమ ఆ పిల్లను ఎత్తుకోలేదు. ఎవరైనా ఒడిలో వెయ్యబోతే చేతులకు ఉప్పుందనేది, ఏదో పనుందని లేచిపోయేది. తన చేతుల్లోకి వస్తే ఆ పెదవి తనను చూసి ఏదో అడుగుతుందని ఆమె భయం. పెళ్లయి భావనపాడు పోయాక ఆ భయం నుంచి ఊపిరి పీల్చుకుంది. అక్కడా ప్రతి పున్నమికీ డాబా మీదికి వెళ్లకుండా ఏదో సాకు వెతుక్కునేది.

ఆ చేపల కుప్ప కూడా గుర్తుకొచ్చేది. తను వదినకు నిజం చెప్పాలనే చెప్పిందా, వేళ్లు మండుతున్నాయని చెప్పిందా? తనలో తను ఎన్నిసార్లు అడుక్కున్నా రెండోదే జవాబు. చదువుకున్న నాలుగు ముక్కల్నీ పని తప్పించుకోవడానికి వాడుకుంది. అందుకే ఆ శిక్ష పడిందని, అయితే తన మీద పడకుండా పక్కమనిషి కడుపులోకి పోయిందని హేమ నమ్మకం. గ్రహణం నీడేనని తెలుసు. ఇదీ నమ్మింది. రెండూ ఒకే బుర్రలో ఎలా ఇమిడాయో ఆమెకే తెలియదు.

మంగళవారం పొద్దు వాలుతుండగా గురమ్మ కిటికీకి దుప్పటి కట్టింది. గది గుమ్మానికి ఎదురుగా వసారాలో పళ్లెం పెట్టి, నీళ్లు పోసి, రోకలి నిలబెట్టింది. పట్టి ఉందనడానికి అది గుర్తు. రోకలి నిలబడినంతసేపు హేమ లేవకూడదు. అది చెప్పి గురమ్మ వీధి అరుగు మీద పక్కింటి లక్ష్మణమ్మతో కూర్చుంది.

హేమ మంచం మీద వెల్లకిలా పడుకుంది. చేతులు రెండూ పక్కలకు చాపి, కాళ్లు చాపి, చాప మీద ఎండబెట్టిన చేపలా ఉంది. కడుపులో బిడ్డ తన్నింది. చెయ్యి వెయ్యబోయి ఆగిపోయింది. కదలకూడదు. వదిన బిడ్డకు ఒట్టి నీడ. తన బిడ్డ దగ్గరికి వచ్చేసరికి అది నీడ కాదు. ఈ సంగతి ఆ ఇంట్లో ఇంకొకరికి కూడా కనబడుతూనే ఉంటుంది. సిగ్గుతో హేమ చెవులు వేడెక్కాయి. లేచి బయటికి పోతే వదిన ముందు తలెత్తుకోవచ్చు. కాని రేపు ఈ బిడ్డ పెదవి కూడా చీలి ఉంటే? లేవలేకపోయింది.

కుమారి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆమె చేతికి చేప పొలుసులు అంటుకుని ఉన్నాయి.

"పడుకున్నావేటి," అంది.

"అమ్మ పడుకోమంది."

"ఆ దినం మీ యమ్మ నన్నూ పడుకోమంది. నువ్వేటన్నావు?"

హేమ పైకప్పు వంక చూస్తూ ఉండిపోయింది. కళ్ల పక్కనుంచి నీళ్లు కారి చెవుల్లోకి పోతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తలేదు. "నీడన్నాను," అంది. "నా మాటినే నువ్వు లెగిసినావు. నీ పిల్లకి అలగైపోనాది. నానే సేసినాను వొదినా."

కుమారి లోపలికి వచ్చి మంచం పక్కన కూర్చుంది. అర్థం కానట్టు హేమ ముఖం వంక చూసింది.

"ఇన్నాళ్లూ ఇదేటి నీ మనసులో ఉన్నాది?"

హేమ తలూపబోయి మానేసింది.

విశాఖలో ఆపరేషను చేసిన డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చూపించిందని కుమారి చెప్పింది. కడుపులో బిడ్డ వేలెడంత కూడా లేనప్పుడు, రెండో నెలలోనే, పై పెదవి అటునుంచి ఇటునుంచి వచ్చి అతుక్కుంటుందట. కొందరికి అతుక్కోదు. ఎందుకన్నది అన్నిసార్లూ తెలియదట. గ్రహణానికీ దానికీ ఏ సంబంధమూ లేదట. "గ్రహణం నాటికి నాకు ఆరో నెల గదా. అప్పటికే దాని మూతి అలగున్నాది. నువ్వు లేపినా అంతే, లేపకపోయినా అంతే. మీ యమ్మకి సెప్పినాను, ఇననేదు. నీకు సెప్పనేదు, నీకు తెలుసుననుకున్నాను. సదువుకున్న దానివి గదా."

ఫోన్లో మొదటి మాట దాటి చదివి ఉంటే, అని హేమ అనుకుంది. ఒక్క వేలితో కిందికి జరిపి ఉంటే. గుండెల మీది బరువు దిగినట్టే అయింది. కాని దిగీ దిగకముందే కుమారి ఇంకో మాట అడిగింది.

"మరి దాన్నెందుకు ఎత్తుకోనేదే? ఒక్క దినమైనా. మూతి సూసి ఏవగించుకున్నావనుకున్నాను."

హేమ లేచి కూర్చుంది. లేచానన్న సంగతి కూడా ఆమెకు తెలియలేదు. కాదని చెప్పాలి. ఏమని చెబుతుంది? మూడేళ్లపాటు ఆ తల్లి కళ్లతో చూస్తే తను చేసింది అచ్చం ఏవగింపులాగే ఉంది. పిల్లను ఒడిలో వెయ్యబోతే చేతులకు ఉప్పని లేచిపోయిన మేనత్త. "కాదొదినా," అని మాత్రం అంది.

"సరే, కాదు," అంది కుమారి. "మీ యమ్మ నన్ను తిట్టినపుడు తలుపెనకాల ఉన్నావు. నీ కాళ్లు కనబడ్డాయి నాకు. నువ్వు పలుకుతావని సూసినాను. అది మాత్రం నాను మర్సిపోనేదు."

అంతే అంది. గొంతు పెంచలేదు. తిట్టి ఉంటే హేమకు తేలికయ్యేది.

కుమారి లేచి వసారాలోకి పోయింది. పళ్లెం దగ్గర ఆగి, కాలి బొటనవేలితో రోకలిని నెమ్మదిగా తోసింది. రోకలి పళ్లెం మీద పడి, నీళ్లు చిమ్మించి, అరుగు దాకా మోగింది.

"రోకలి పడిపోనాదత్తా," అంది కుమారి వీధిలోకి వినబడేట్టు. "గ్రహణం ఎల్లిపోనాది. పిల్లనింక లెగమనీ."

గురమ్మ తలెత్తి సముద్రం వైపు చూసింది. చందమామ తాటిచెట్టంత ఎత్తుకు వచ్చింది, ఒక పక్క ఇంకా కొరికేసినట్టే ఉంది. రోకలి వంక చూసింది, మళ్లీ చందమామ వంక చూసింది. ఏది నమ్మాలో తేలక పక్కనున్న లక్ష్మణమ్మను చూసింది. లక్ష్మణమ్మ మాత్రం రోకలే గదమ్మా గుర్తు అంది.

హేమ ఈలోగా వసారా దాటి బయటికి వచ్చింది. ఇప్పుడు కూడా గొంతు రాదేమో అనిపించింది. వచ్చింది. "అమ్మా, ఆ పున్నమి నాడు వొదిన తనంతట తాను లెగనేదు. నానే లేపినాను. సేపలు కొయ్యలేక లేపినాను."

లక్ష్మణమ్మ ఏదో పనున్నట్టు లేచి వెళ్లింది. గురమ్మ, "ఇన్నేళ్లూ దాన్ని నాసేత తిట్టించినావు," అంది. కూతురి వైపు చూడకుండా పళ్లెం దగ్గరికి పోయి, పడిపోయిన రోకలిని ఎత్తి గోడకు చేరవేసింది. చెంగుతో నేల మీది నీళ్లు తుడిచింది. కోడలు వచ్చి తుడవబోతే, ఉండనియ్యమని మెల్లగా చెప్పింది.

అనూరాధ అరుగు చివర నిలబడి చందమామను చూస్తోంది. హేమ పోయి పక్కన కూర్చుని, రమ్మని చేతులు చాచింది. పిల్ల ముందు తల్లి వైపు చూసింది. కుమారి పొమ్మని తల ఆడించాక గాని రాలేదు. వచ్చినా కొత్తవాళ్ల ఒడిలో కూర్చున్నట్టు బిగుసుకుని, వెనక్కి ఆనకుండా కూర్చుంది. కడుపు అడ్డొచ్చి హేమ ఒడి కూడా కొంచెమే మిగిలింది.

"ఎవులు కొరికేసినారత్తా?" అని అడిగింది.

హేమకు జవాబు తెలుసు. కిందటిసారి ఆ జవాబు తన నోటి నుంచి ఎందుకొచ్చిందో అది కూడా తెలుసు. "ఎవులూ కొరకనేదు," అంది. "అది మన నీడ. సూర్యుడు మన యెనకాల దిగిపోనాడు. ఈ భూమి నీడ, ఈ సముద్రం, మనం, అందరం ఉన్న నీడ అలగెల్లి పడింది. ఇంకొంచెంసేపట్లో సందమామ తప్పుకుంటాది."

పిల్ల కొంచెం ఆలోచించింది. తర్వాత చెయ్యెత్తి, వేళ్లన్నీ విప్పి, చందమామకు అడ్డంగా ఊపింది. నీడలో తన చెయ్యి కదులుతుందేమోనని కళ్లు చికిలించి చూసింది. నవ్వు వచ్చేసరికి ముక్కు కింద గీత సాగింది. హేమ మొదటిసారి దాన్ని దగ్గర్నుంచి చూసింది. అది ఆమెను ఏమీ అడగలేదు. మామూలు గీత.

నీడ అంచు చందమామ మీంచి మెల్లమెల్లగా జారింది. చివరి మసక కూడా పోయి సముద్రం తెల్లగా వెలిగినప్పుడు అనూరాధ, "అయిపోనాది," అంది. అని, హేమ చేతులు విడిపించుకుని, దిగి, తల్లి దగ్గరికి పరుగెత్తింది. హేమ పిలవలేదు. పిల్ల కూర్చున్నచోట చీర ఇంకా వెచ్చగా ఉంది. దాని మీద చెయ్యి వేసుకుని అలాగే కూర్చుంది.